గుమ్మం దగ్గర హాజరు పట్టీ



ఈ ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాయమని మన సంఘం పెద్దలు అడిగారు. శాతవాహనులను గురించి, కాకతీయులను గురించి, కృష్ణదేవరాయలను గురించి వ్రాయడానికి నాకంటె ఎక్కువ చదువుకున్నవారు మనలో ఉన్నారు. సాయంత్రం తరగతుల్లో నేర్చుకున్న నా తెలుగు అంత బరువు మోయలేదు. అయితే బడిపంతులుగా ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను తప్పకుండా చేసిన పని ఒకటి ఉంది. అది పొద్దున్నే హాజరు పట్టీ తెరిచి పేర్లు పిలవడం. చూడడానికి అది చాలా చిన్న పని. మండుతున్న ఇంటిలోనికి వెళ్ళే మనుషుల ప్రాణాలు ఆ చిన్న పని మీద ఎలా ఆధారపడి ఉన్నాయో, ఆ సంగతి లోకానికి ఎంత ఖరీదుతో తెలిసివచ్చిందో ఈ వ్యాసంలో నాకు చేతనైనంత వరకు చెబుతాను.

ఒంటరిగా వెళ్ళవద్దు

రెండు వందల ఏళ్ళ క్రితం బ్రిటన్ నగరాల్లో నిప్పు ఆర్పే పని చాలావరకు భీమా కంపెనీల చేతుల్లో ఉండేది. ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్క దళం. వాళ్ళు చేతిపంపులను లాక్కొని వచ్చి, వీధిలో నిలబడి, కిటికీల వైపు నీళ్ళు చిమ్మేవారు. ఆ నీళ్ళు ఎక్కువగా గోడలకు తగిలి కారిపోయేవి. లోపల మంట తన పని తాను చేసుకుపోయేది.

1824లో స్కాట్లండులోని ఎడింబరో నగరం సొంతంగా ఒక అగ్నిమాపక దళాన్ని ఏర్పాటు చేసుకున్నది. దానికి అధిపతిగా 24 ఏళ్ళ జేమ్స్ బ్రెయిడ్‌వుడ్ అనే యువకుణ్ణి నియమించారు. ఆయన కట్టడాల పని తెలిసినవాడు. తన దళంలోనికి వడ్రంగులను, తాపీవారిని, ఇంటికప్పులు వేసేవారిని ఏరి తీసుకున్నాడు. దూలం కాలితే ఎంతసేపు నిలుస్తుందో, గోడ ఎటు ఒరుగుతుందో వారికి ఇంకొకరు చెప్పనక్కరలేదు. తెల్లవారుజామున చీకటిలో వారిచేత అభ్యాసాలు చేయించేవాడు. ఆ సంవత్సరం నవంబరులోనే ఎడింబరోలో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. అప్పుడే పుట్టిన దళానికి అది కఠినమైన పరీక్ష.

బ్రెయిడ్‌వుడ్ చెప్పిన పాఠం సూటిగా ఉంటుంది. వీధిలోనుంచి నీళ్ళు చిమ్మితే లాభం లేదు. లోపలికి వెళ్ళి, మంట మొదలు ఎక్కడ ఉందో చూసి, అక్కడ నీళ్ళు పోయాలి. కాని లోపలికి వెళ్ళమని చెప్పినవాడు వెళ్ళిన మనిషి సంగతి కూడా ఆలోచించాలి గదా! అందుకని ఆయన ఇంకొక కట్టడి పెట్టాడు. మండే ఇంటిలోనికి ఎవ్వరూ ఒంటరిగా వెళ్ళకూడదు. ఇద్దరికి తక్కువ కాకుండా వెళ్ళాలి. ఒకడు పొగకు సొమ్మసిల్లితే రెండవవాడు అతణ్ణి బయటికి లాక్కొని రావాలి. ఈనాడు చాలా దేశాల అగ్నిమాపక నియమాలు తెరిచి చూస్తే ఈ మాట కనబడుతుంది.

1833లో బ్రెయిడ్‌వుడ్ లండను వెళ్ళాడు. అక్కడి భీమా కంపెనీలు కలిసి ఏర్పరచిన దళానికి అధిపతి అయ్యాడు. అంత పెద్ద నగరానికి ఆయన చేతిలో ఉన్నది సుమారు 80 మంది. థేమ్స్ నది ఒడ్డున ఉన్న పెద్ద పెద్ద గిడ్డంగులను చూసి ఆయన భయపడేవాడు. ఒక గదిలోని మంట మరొక గదిలోనికి పోకుండా మధ్య మధ్య ఇనుప తలుపులు ఉండాలని, అవి మూసి ఉంచాలని చెప్పేవాడు. 1861 జూన్ 22న టూలీ వీధిలోని గిడ్డంగులు అంటుకున్నాయి. తలుపులు ఉన్నాయి గాని తెరిచి ఉన్నాయి. జనపనార, పత్తి, కొవ్వు నిలువ ఉంచిన గదులు ఒకదాని వెంట ఒకటి అంటుకుపోయాయి. ఆ సాయంకాలం బ్రెయిడ్‌వుడ్ తన మనుషులు ఎలా ఉన్నారో చూసుకుంటూ తిరుగుతుండగా ఒక గోడ కూలి మీద పడింది. ఆయన అక్కడే మరణించాడు. శవయాత్ర వెంట నడిచిన జనం మైలున్నర పొడవున ఉన్నారని చెబుతారు.

నియమం ఉన్నంత మాత్రాన చాలదు, దానిని ప్రతిరోజూ పాటించే చెయ్యి ఒకటి కావాలి. ఈ చరిత్రలో ఈ మాట మళ్ళీ మళ్ళీ వస్తుంది.

ఊపిరికి కొలత వచ్చింది

మండే ఇంటిలో మనిషిని ఎక్కువగా చంపేది మంట కాదు, పొగ. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడు అనే వాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తడిగుడ్డ కట్టుకుంటే మసి ఆగుతుంది గాని ఈ వాయువు ఆగదు. కనుక లోపలికి వెళ్ళేవాడు తన గాలిని తనతోపాటు తీసుకుపోవాలి.

హెన్రీ ఫ్లూస్ అనే ఇంగ్లీషువాడు 1870ల చివర ప్రాణవాయువుతో పనిచేసే ఒక ఊపిరి యంత్రాన్ని తయారు చేశాడు. మనిషి వదిలిన ఊపిరిలోని చెడ్డ వాయువును మందు పీల్చుకుంటుంది. దానికి కొత్తగా కొంచెం ప్రాణవాయువు కలిపి మళ్ళీ అదే ఊపిరిని వాడుకోవచ్చు. 1880లో సెవర్న్ నది కింద తవ్వుతున్న రైలు సొరంగంలో నీరు నిండినప్పుడు అలెగ్జాండర్ లాంబర్ట్ అనే గజ ఈతగాడు ఈ యంత్రం తగిలించుకొని లోపలికి వెళ్ళి పని చేసి వచ్చాడు. ఆ జాతికి చెందిన ‘ప్రోటో’ అనే యంత్రం తరువాత గనుల్లోనూ అగ్నిమాపక దళాల్లోనూ చాలాకాలం వాడుకలో ఉంది. అది సుమారు ఒక గంటసేపు పనిచేసేది. దాని గొట్టం చివరను పళ్ళతో పట్టుకోవాలి. ముక్కుకు బిగింపు పెట్టుకోవాలి. కాబట్టి తోడు ఉన్నవాడితో మాట్లాడడానికి కూడా వీలుండేది కాదు.

చదువరులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. యంత్రం లేని రోజుల్లో మనిషి పొగలోనికి నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చేవాడు. యంత్రం వచ్చిన తరువాత నలభై అడుగులు, నాలుగు వందల అడుగులు లోపలికి పోగలిగాడు. బయట ఉన్నవారి కంటికి కనబడనంత దూరం, కేక వినబడనంత దూరం పోయాడు. పైగా అతని ఊపిరికి గడువు పడింది. గంట అయ్యేసరికి బయట ఉండకపోతే ఎంత ధైర్యం ఉన్నా పనికిరాదు. లోపల పొగలో పనిచేసేవాడికి గంట గడిచిందో అరగంట గడిచిందో తెలియదు. అది తెలియవలసింది గడియారం పట్టుకొని బయట నిలబడ్డ మనిషికి.

ఆ మనిషిని నియమించడానికి ఇంకా కొన్ని ప్రాణాలు పోవలసి వచ్చింది.

స్మిత్‌ఫీల్డ్, 1958

స్మిత్‌ఫీల్డ్ అనేది లండనులో వందల ఏళ్ళుగా ఉన్న మాంసపు బజారు. అందులో కోళ్ళను అమ్మే భవనం ఒకటి. దాని కింద రెండున్నర ఎకరాల మేర నేలమాళిగ. సన్నని సందులు, మాంసం నిలువ చేసే చల్లని గదులు, మలుపు మీద మలుపు. 1958 జనవరి 23 తెల్లవారకముందే అక్కడ మంట పుట్టింది. చల్లని గదుల గోడలు చలిని ఎలా బయటికి పోనివ్వవో మంట పుట్టినప్పుడు వేడిని కూడా అలాగే పోనివ్వవు. పొగ బయటికి పోయే దారి లేదు. దీపం పట్టుకున్నా చెయ్యి కనబడదు.

క్లార్కెన్‌వెల్ స్టేషను అధికారి జాక్ ఫోర్ట్‌వెల్స్, అదే స్టేషనుకు చెందిన రిచర్డ్ స్టాకింగ్ ఊపిరి యంత్రాలు తగిలించుకొని ఆ నేలమాళిగలోనికి దిగారు. వారు తిరిగి రాలేదు. తోటివారు వెతికి పట్టుకునేసరికి ఇద్దరి ప్రాణవాయువూ అయిపోయింది, ఇద్దరూ మరణించి ఉన్నారు. బ్రెయిడ్‌వుడ్ చెప్పినట్లు వారు ఇద్దరుగానే వెళ్ళారు. ఇద్దరుగా వెళ్ళడం చాలదని ఆ రోజు తెలిసింది. మంట రోజుల తరబడి మండి, చివరకు ఆ భవనాన్ని నాశనం చేసింది. 1963లో అదే స్థలంలో పెద్ద కాంక్రీటు గుమ్మటంతో కొత్త భవనం కట్టారు.

అంతకుముందు కూడా లోపలికి వెళ్ళినవారి లెక్క బయట పెట్టుకోవాలన్న ఆలోచన లేకపోలేదు. కాని దేశమంతటికీ కట్టుబడి పాటించవలసిన ఒకే పద్ధతి లేదు. స్మిత్‌ఫీల్డ్ తరువాత ఆ సంవత్సరమే బ్రిటిష్ ప్రభుత్వం అన్ని దళాలకూ ఒక ఉత్తరువు పంపింది. ఈనాటి నియమాల చెట్టుకు ఆ ఉత్తరువే వేరు.

బిళ్ళ, బోర్డు, గడియారం

ఆ పద్ధతిని మా బడి పిల్లలకు చెప్పినట్లు చెబుతాను.

ప్రతి ఊపిరి యంత్రానికి ఒక బిళ్ళ ఉంటుంది. లోపలికి వెళ్ళేవాడి పేరు, అతని సిలిండరులో గాలి ఒత్తిడి, లోపలికి అడుగుపెట్టిన సమయం ఆ బిళ్ళ మీద వ్రాస్తారు. గుమ్మం దగ్గర ఒక అధికారి బోర్డు పట్టుకొని నిలబడి ఉంటాడు. లోపలికి పోయేవాడు తన బిళ్ళను అతని చేతికి ఇచ్చి పోవాలి. అతడు దానిని బోర్డులో పెట్టి, ఎదురుగా లెక్క వేసి, ఎన్ని గంటలకు బయటికి రావాలో వ్రాస్తాడు. బయటికి వచ్చినవాడు తన బిళ్ళను తానే తిరిగి తీసుకోవాలి. బోర్డు మీద బిళ్ళ మిగిలి ఉన్నదంటే మనిషి లోపల ఉన్నాడని అర్థం. అంతే. ఇందులో అక్షరాలు వచ్చినవాడికి అర్థం కానిది ఏమీ లేదు.

లెక్క ఎలా వేస్తారో ఒక ఉదాహరణ చూద్దాం. తరువాతి కాలంలో ప్రాణవాయువు యంత్రాల స్థానంలో మామూలు గాలిని ఒత్తిడితో నింపిన సిలిండర్లు వచ్చాయి. ఒక సిలిండరులో 1,800 లీటర్ల గాలి ఉన్నదనుకోండి. కష్టపడి పనిచేసే మనిషికి నిమిషానికి 40 లీటర్లు కావాలని బ్రిటన్‌లో చాలాకాలం లెక్క కట్టేవారు. 1,800ని 40తో భాగిస్తే 45 నిమిషాలు. అందులో 10 నిమిషాలు ఆపద కోసం పక్కన పెట్టాలి. మిగిలింది 35 నిమిషాలు. 10 గంటల 5 నిమిషాలకు లోపలికి వెళ్ళినవాడి యంత్రం 10 గంటల 40 నిమిషాలకు ఈల వేస్తుంది. గాలి తక్కువైందని చెప్పే ఈల అది. మంచి పద్ధతి ఏమంటే, ఈల మ్రోగిన తరువాత బయలుదేరడం కాదు, ఈల మ్రోగేసరికి గుమ్మం దగ్గర ఉండడం. జట్టులో అందరికంటె తక్కువ గాలి ఎవరికి ఉందో అతని లెక్కే జట్టు మొత్తానికి లెక్క. ఒకడి గాలి తక్కువైతే అందరూ కలిసి బయటికి రావాలి.

మంట పెద్దదైతే ఒక బోర్డు చాలదు. ఎక్కువ గుమ్మాలు, ఎక్కువ జట్లు ఉంటాయి. అప్పుడు రెండవ దశ పద్ధతి మొదలవుతుంది. గుమ్మం గుమ్మానికి ఒక బోర్డు, వాటన్నిటినీ చూసుకోవడానికి ఒక ముఖ్యమైన అధికారి, యంత్రాలు తగిలించుకొని సిద్ధంగా నిలబడి ఉండే ఒక అత్యవసర జట్టు. ఆ జట్టు పని మంట ఆర్పడం కాదు. లోపల ఉన్నవారిలో ఎవరికైనా ఆపద వస్తే వెళ్ళి తీసుకురావడం ఒక్కటే దాని పని.

తాడు కూడా ఉంది. నీటిగొట్టం లేకుండా పెద్ద భవనంలోనికి వెళ్ళేటప్పుడు దారి తెలియడానికి ఒక తాడు కట్టుకుంటూ పోతారు. దానికి కొంచెం కొంచెం దూరంలో జంటగా రెండు చిన్న కొసలు వ్రేలాడుతుంటాయి. ఒకదానికి ముడులు ఉంటాయి, రెండవదానికి ఉండవు. చేతికి ముందు ఏది తగిలిందో చూసుకుంటే బయటికి దారి ఎటో చీకటిలో కూడా తెలుస్తుంది. ఇక ఆపదలో ఉన్నవాడు మ్రోగించడానికి ఒక గంట యంత్రం. దాని కొత్త రకాలు మనిషి కొద్దిసేపు కదలకుండా ఉంటే తమంతట తామే కూతపెడతాయి. బ్రిటన్‌లో ఆ యంత్రపు తాళం బిళ్ళకే కట్టి ఉంటుంది. కాబట్టి బిళ్ళ తీసి ఇచ్చేటప్పుడే కూత యంత్రం సిద్ధమవుతుంది. మనిషి మరచిపోయినా వస్తువు మరచిపోదు.

నియమం ఉండి కూడా

ఇన్ని నియమాలు వచ్చిన తరువాత మరణాలు ఆగిపోయాయా అంటే, ఆగిపోలేదు. తగ్గాయని మాత్రం చెప్పవచ్చు.

1991 జులై 10న లండనులోని గిల్లెండర్ వీధిలో కాగితాలు నిలువ చేసే ఒక గిడ్డంగి అంటుకుంది. టెరెన్స్ హంట్, డేవిడ్ స్టోకో అనే ఇద్దరు సిబ్బంది లోపల దారి తప్పారు. గాలి అయిపోయి మరణించారు. బోర్డులు ఉన్నాయి, తాళ్ళు ఉన్నాయి, పుస్తకాల్లో నియమాలు ఉన్నాయి. 33 ఏళ్ళ కిందటి స్మిత్‌ఫీల్డ్ పాఠాన్ని మళ్ళీ నేర్చుకోవలసి వచ్చింది. పాఠం పుస్తకంలో ఉంటే సరిపోదని, ఏటేటా చేతులతో చేయించాలని మాస్టర్లకు వేరే చెప్పాలా?

1996 ఫిబ్రవరిలో మరొక రకం దెబ్బ తగిలింది. ఫిబ్రవరి 1న వేల్సులోని బ్లెయినా అనే ఊళ్ళో ఒక ఇంటిలో కెవిన్ లేన్, స్టీఫెన్ గ్రిఫిన్ మరణించారు. మూడు రోజుల తరువాత బ్రిస్టల్ దగ్గర ఒక పెద్ద దుకాణంలో ఫ్లూర్ లంబార్డ్ మరణించింది. శాంతికాలంలో విధినిర్వహణలో చనిపోయిన మొదటి బ్రిటిష్ అగ్నిమాపక వనిత ఆమె. వారిని చంపినది గాలి కొరత కాదు, పొగ అంటుకోవడం. పొగ అంటే కాలి పోయిన మసి అని మనం అనుకుంటాం. నిజానికి అందులో ఇంకా కాలవలసిన వాయువులు ఉంటాయి. గది బాగా వేడెక్కితే ఒక్కసారిగా గదిలోనివన్నీ అంటుకుంటాయి. మూసి ఉన్న గదిలో గాలి చాలక మంట నిద్రపోతున్నట్లు ఉండి, తలుపు తెరవగానే కొత్త గాలి తగిలి భగ్గుమని బయటికి తన్నవచ్చు. ఆ రెండు దుర్ఘటనల తరువాత తలుపు తెరిచే ముందు తలుపును చదవడం, పొగ రంగును కదలికను చూడడం, లోపలి వేడిని నీటి తుంపరతో చల్లార్చుకుంటూ ముందుకు పోవడం బ్రిటన్‌లో అందరికీ శిక్షణలో ముఖ్య పాఠాలు అయ్యాయి.

వుస్టర్ గుమ్మం

ఇప్పుడు అమెరికాకు వెళదాం. అక్కడ 1998లో ప్రభుత్వపు కార్మిక భద్రతా శాఖ ఒక కట్టడి తెచ్చింది. దానిని ‘ఇద్దరు లోపల, ఇద్దరు బయట’ అని పిలుస్తారు. ఇద్దరు లోపలికి వెళ్ళి ఒకరినొకరు చూస్తూనో మాట్లాడుకుంటూనో ఉండాలి. వారికి ఆపద వస్తే వెళ్ళడానికి కనీసం ఇద్దరు యంత్రాలతో బయట సిద్ధంగా ఉండాలి. మిగతావారు వచ్చేలోగా ప్రాణాలు కాపాడవలసి వస్తే మాత్రం మినహాయింపు ఉంది.

1999 డిసెంబరు 3 సాయంకాలం మసాచుసెట్స్ రాష్ట్రంలోని వుస్టర్ నగరంలో ఒక పాడుబడిన శీతల గిడ్డంగిలో మంట కనబడింది. 1906లో కట్టిన ఆరంతస్తుల ఇటుక భవనం. కిటికీలు దాదాపు లేవు. చలి నిలవడానికి గోడలకు దట్టమైన పొరలు. స్మిత్‌ఫీల్డ్ నేలమాళిగకు అన్న వంటిది. ఇల్లులేని ఇద్దరు అందులో ఉంటున్నారని తెలిసి సిబ్బంది వారిని వెతకడానికి పైకి ఎక్కారు. ఇద్దరు దారి తప్పారు. తాము తప్పిపోయామని, గాలి అయిపోతున్నదని రేడియోలో చెప్పారు. వారిని వెతకడానికి వెళ్ళినవారిలో మరి నలుగురు తిరిగి రాలేదు.

కింద మెట్ల దగ్గర మైక్ మెక్‌నామీ అనే అధికారి ఉన్నాడు. ఆయన మనుషులు ఆరుగురు పైన ఉన్నారు. ఇంకా పదుల మంది యంత్రాలు తగిలించుకొని, మమ్మల్ని వెళ్ళనివ్వండి, వాళ్ళు మా అన్నదమ్ములు అని ఆయన ఎదుట నిలబడ్డారు. ఆయన గుమ్మానికి అడ్డంగా నిలిచి ఇక ఎవ్వరూ వెళ్ళకూడదు అన్నాడు. ఆరుగురు పోయారు, ఏడవవాణ్ణి పంపను అన్నాడు. ఆ ఆరుగురిలో చివరివారి దేహం దొరికేసరికి 8 రోజులు పట్టింది.

వారు వెతకబోయిన ఆ ఇద్దరూ లోపల లేరు. కొవ్వొత్తి ఒరిగి మంట పుట్టగానే వాళ్ళు బయటికి వచ్చేశారు. ఎవ్వరికీ చెప్పకుండా వెళ్ళిపోయారు.

ఆ తరువాత వుస్టర్‌లో పాడుబడిన భవనాల మీద ప్రమాదపు గుర్తులు పెట్టారు. పొగలో కూడా వేడిని చూపే కెమెరాలు అమెరికా దళాల్లో బాగా వ్యాపించాయి. కాని నన్ను ఎక్కువగా పట్టుకున్నది మెక్‌నామీ నిలబడిన ఆ గుమ్మం. నిప్పులోనికి దూకినవాణ్ణి మనం వీరుడంటాం. దూకబోయేవాణ్ణి ఆపినవాడి పని అంతకంటె కష్టమేమో అని నాకు అనిపిస్తుంది.

నా పట్టీలో ఒక గీత

ఈ మాట ఊరికే చెప్పడం లేదు. ఒక సొంత అనుభవం చెప్పవలసి ఉంది.

నేను ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల్లో ఒకనాటి మధ్యాహ్నం బడిలోని సామాను గదికి నిప్పు అంటుకుంది. పక్కనే తరగతి గదులు. పిల్లలను మైదానంలో వరుసలు కట్టించాం. హాజరు పట్టీ నా చేతిలో ఉంది. దానిని మరచిపోకుండా తెచ్చినందుకు నాకు కొంచెం గర్వంగా కూడా ఉంది. పట్టీలో 39 మంది, వరుసలో 38 మంది. రెండు సార్లు లెక్కపెట్టాను. ఒక కుర్రవాడు లేడు.

ఇక్కడ మనమందరం ‘బొంబా’ అని పిలిచే అగ్నిమాపక దళం వచ్చింది. లోపల ఎవరైనా ఉన్నారా అని అధికారి అడిగాడు. ఒక పిల్లవాడు ఉన్నాడని నేను చెప్పాను. ఉండవచ్చు అనలేదు, ఉన్నాడు అన్నాను. ఇద్దరు యంత్రాలు తగిలించుకున్నారు. బిళ్ళలు గుమ్మం దగ్గర ఉన్నవాడికి ఇచ్చి పొగలోనికి వెళ్ళారు.

చాలాసేపటికి పై తరగతిలో చదివే ఆ కుర్రవాడి అక్క నా దగ్గరికి వచ్చి, “సార్, తమ్ముడికి జ్వరమని నాన్న వచ్చి తీసుకుపోయాడు గదా, మీరే పంపారు గదా” అన్నది. నిజమే. ఇంటర్వెల్లులో ఆ తండ్రి వచ్చి అడిగితే సరే తీసుకుపొండి అన్నాను. పట్టీలో వ్రాయలేదు. ఒక్క చిన్న గీత. తరువాత వ్రాద్దామనుకున్నాను, మరచిపోయాను.

నేను పరుగెత్తుకొని వెళ్ళి చెప్పాను. అధికారి లోపలివారిని వెనక్కి పిలిచాడు. ఇద్దరూ వచ్చారు. ఒకడు ముఖానికి ఉన్న తొడుగు తీసి నేల మీద కూర్చున్నాడు. కొంతసేపటివరకు మాట్లాడలేదు. అధికారి నన్ను తిట్టలేదు. బోర్డు వైపు చూపి, వాళ్ళకు ఇంకా ఆరు నిమిషాలు మిగిలి ఉన్నాయి అన్నాడు. ఆ బోర్డు మీద రెండు బిళ్ళలు, రెండు పేర్లు, రెండు సమయాలు తప్పు లేకుండా వ్రాసి ఉన్నాయి. నా చేతిలోని పట్టీలో తప్పు ఉంది. ఆ రెండు పేర్లు నేను ఈనాటివరకు మరచిపోలేదు. వారిద్దరూ పెళ్ళిళ్ళు చేసుకున్నారో, పిల్లలు ఎందరో నాకు తెలియదు. ఆ రోజు వారు బయటికి వచ్చారు, అంతే తెలుసు.

వుస్టర్ కథ చదివినప్పుడు ఆ మైదానం, ఆ అమ్మాయి మాట నాకు గుర్తుకు వచ్చాయి. అక్కడా ఇక్కడా సిబ్బంది లోపల లేనివారి కోసమే వెళ్ళారు. బయట ఉన్నవారు సరైన మాట చెప్పకపోవడం వల్ల వెళ్ళారు. నియమాలు అగ్నిమాపక సిబ్బందికి మాత్రమే అనుకుంటాం. అందులో సగం మనవి.

మనం చేయదగినది

మా తాతగారు రబ్బరు తోటలో పనిచేసిన రోజుల్లో తెల్లవారకముందే ‘పెరట్టు’ ఉండేదట. అందరూ వరుసగా నిలబడితే కంగాణి పేర్లు పిలిచేవాడు, గుమాస్తా చెక్‌రోలులో గీత పెట్టేవాడు. ఆ పట్టీ కూలి లెక్క కోసం. రానివాడికి కూలి లేదు. ఎందుకు రాలేదో అడిగే గడి ఆ పట్టీలో లేదు. తరువాత మా తరం బడి పట్టీలు పట్టుకుంది. గుమ్మం దగ్గరి బోర్డు కూడా పేర్ల పట్టీయే. కాని దాని ఉద్దేశం వేరు. లోపలికి పోయిన ప్రతి మనిషీ తిరిగి రావాలని, రాకపోతే వెంటనే అడగాలని వ్రాసే పట్టీ అది. పేరు పిలవడానికి ఇంతకంటె మంచి కారణం నాకు తెలియదు.

మన ఉగాది అయిన కొద్ది రోజులకు ఏప్రిల్ 14 వస్తుంది. 1944లో ఆ తేదీన బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ మంటల్లో చిక్కి పేలిపోయింది. ఆర్పడానికి వెళ్ళినవారిలో 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. వారి జ్ఞాపకార్థం భారతదేశమంతటా, మన పెద్దల ఊళ్ళు ఉన్న ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో సహా, ఆ రోజు నుంచి వారం పాటు అగ్నిమాపక వారోత్సవం జరుపుతారు.

మన సంఘం సభ్యులకు నాదొక విన్నపం. ఈ పండుగ రాత్రి మన హాలు నిండిపోతుంది. వేదిక వెనుక చిన్న గదుల్లో నాట్యం చేసే పిల్లలు, వంటశాలలో మన అక్కచెల్లెళ్ళు, పైన దీపాల దగ్గర కుర్రవాళ్ళు ఉంటారు. సాయంత్రం తరగతి పిల్లల పేర్ల పట్టీ ఒకటి వ్రాయించి, బయటి గుమ్మం దగ్గర ఉండే ఒక పెద్దమనిషి చేతికి ఇవ్వండి. పిల్లవాణ్ణి మధ్యలో ఇంటికి తీసుకుపోయే తల్లిదండ్రులు ఆయనకు చెప్పి, గీత పెట్టించి వెళ్ళండి. అత్యవసర ద్వారాలకు కుర్చీలు అడ్డం పెట్టకండి. ఆపద వస్తే బయటికి వచ్చినవారు చెప్పకుండా వెళ్ళిపోకండి. లోపల ఎవరైనా ఉన్నారా అని దళంవారు అడిగితే తెలిసినదానినే చెప్పండి: ఎవరు, ఎక్కడ, చివరిసారి ఎవరు చూశారు. అనుమానమైతే అనుమానమనే చెప్పండి. మన మాట విని ఎవరో ఒక ఇద్దరు తమ బిళ్ళలు ఇచ్చి లోపలికి వెళతారు.

ఆ పట్టీ పట్టుకొని నిలబడడానికి ఈ సంవత్సరం నేను సిద్ధంగా ఉన్నాను. దయచేసి వచ్చేటప్పుడు, వెళ్ళేటప్పుడు నా దగ్గర ఆగి పిల్లల పేర్లు చెప్పండి. నాకు చూపు కొంచెం తగ్గింది గనుక గట్టిగా చెప్పండి, నేను వ్రాసుకుంటాను.